తనిఖీ చేసినవారు

"ఇక్కడ," అందామె.

సీట్లు తీసేసిన కారు లోపల ఆమె భర్త వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కారు కప్పుకు లోపలివైపు ఉండే గుడ్డ ఊడదీసి ఉంది. ఆమె పైనుంచి రేకు మీద గోటితో రెండుసార్లు కొట్టింది. చప్పుడు వినబడ్డ చోటికి ఆయన తన పొడవాటి ఇనుప కడ్డీ మొన జరిపాడు.

"ఇంకొంచెం నీ తల వైపు. ఊఁ. ఇప్పుడు ఎత్తు. ఇంకొద్దిగా. చాలు."

ఆయన ఆపాడు. ఆమె అరచేతి కింద పలుచని పాత నూలు గుడ్డ పరిచి, ఆ చోటు మీదుగా చెయ్యి నెమ్మదిగా ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పోనిచ్చింది. వట్టి చెయ్యి చెమటకు రేకును పట్టుకుంటుంది. గుడ్డ ఉంటే జారుతుంది. జారే చేతికే వెంట్రుకవాసి తేడా తెలుస్తుంది. ఇప్పుడక్కడ తేడా ఏమీ లేదు.

"కప్పు మీద నలభై మూడు సొట్టలయ్యాయి. ఇంకా బానెట్టుంది," అందామె.

పదకొండు గంటలైంది. షెడ్డు పైన రేకులు కాలి, ఆ వేడి కిందికి దిగుతోంది. ఇరవై రోజుల కిందట ఊరి మీద పది నిమిషాలు వడగళ్ళు పడ్డాయి, ఒక్కొక్కటి నిమ్మకాయంత. పది నిమిషాల్లో ఆగిన ఆ వాన తాలూకు పని ఇంకా ఆగలేదు. లోపలా, ముందు ఆవరణలోనూ కలిపి డెబ్భై కార్లున్నాయి. ఒక్కొక్క కారు స్ఫోటకం పోసి తగ్గిన ముఖంలా ఉంది. ఇలాంటి సొట్టలకు రంగు పగలదు కాబట్టి రంగు వెయ్యక్కర్లేదు. రేకు వెనకనుంచి కడ్డీతో, ఒక్కో సొట్టను యాభై అరవై సార్లు కొద్దికొద్దిగా నొక్కి పైకి తేవాలి. ఒక నొక్కు తక్కువైతే సొట్ట మిగిలిపోతుంది. ఒకటి ఎక్కువైతే ఇవతలికి మొటిమ లేస్తుంది. సొట్ట వడగళ్ళ తప్పు, మొటిమ మనిషి తప్పు అని షెడ్డులో అనుకుంటారు.

ఆ పని చేసేవాళ్ళు నలుగురు. వాళ్ళలో పెద్దవాడు ఈమె భర్త. ఇరవై ఆరేళ్ళ అనుభవం. ఆయన తీసిన సొట్ట ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని ఎవరో అన్నారట. అప్పట్నుంచి అందరికీ ఆయన అద్దం. రోజుకు తొమ్మిది వందలు. మిగతా ముగ్గురికీ ఏడొందలే. ఆమె అదే షెడ్డులో కార్లు కడిగి తుడుస్తుంది. ఆమెను నీళ్ళక్క అంటారు. మూడొందల యాభై.

"బావా, అక్క పక్కన లేకపోతే నీ కడ్డీ కదిలేట్టు లేదే," అన్నాడు అటుగా పోతున్న పెయింటరు. "ఇంట్లో చాలక ఇక్కడ కూడానా కాపరం?"

"నీ పెళ్ళాం నీ మొహం చూడలేక పుట్టింటికి పోయింది, నువ్వా చెప్పేది," అందామె, చెయ్యి ఆపకుండా. పెయింటరు నవ్వుకుంటూ పోయాడు. అతను సరదాకన్న మాటే నిజమని అతనికి తెలియదు.

*

రెండేళ్ళ కిందట ఒకరోజు ఇలాగే పనిచేస్తున్నారు. చలికి రేకు బిగుసుకుంటే వెచ్చబెట్టడానికి ఒక దీపం వాడతారు. ఆమె కారు తుడుస్తోంది. "ఏదో కాలుతున్న వాసనొస్తోంది, చూడు," అన్నాడాయన. ఆమె వైర్లు చూసింది, సీటు కింద చూసింది. కాలుతున్నది ఆయన వేలు. ఆయన దాన్ని దీపానికి ఆనించి, తాపీగా వేరే వైపు చూస్తున్నాడు.

డాక్టరు సూదితో పది వేళ్ళనూ పొడిచాడు. ఎనిమిదింటికి తెలియలేదు. ఏళ్ళ తరబడి కడ్డీ అదురు, మరకలు తుడిచే థిన్నరులో ముంచిన చేతులు, నరాలు చచ్చుబడ్డాయి, పని మానెయ్యాలన్నాడు.

"మానేస్తే బాగవుతాయా?" అడిగాడాయన.

"ఉన్నవి మిగుల్తాయి."

బయటికొచ్చి మెట్ల మీద కూచుని ఆయన రెండు చేతులూ ఒకదానికొకటి రుద్దుకున్నాడు. "వేరేవాళ్ళ చేతులు పట్టుకున్నట్టుంది," అన్నాడు. తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కడ్డీ ఎత్తే బలం ఆయన భుజాల్లో ఉంది. ఎంత ఎత్తాలో, ఎక్కడ ఆపాలో తెలియాల్సింది వేళ్ళకు. ట్యూబులైటు బిగించిన పలక దగ్గర పెట్టి చూస్తే రేకు మీద వెలుగు గీత వంకర పోయిన చోట సొట్ట కనిపిస్తుంది. అయితే అది సగం పని వరకే. ఆఖరి వెంట్రుకవాసి కంటికి దొరకదు, చేతికే దొరకాలి. తొమ్మిదేళ్ళుగా కార్లు తుడిచిన చేతికి అది తనకు తెలియకుండానే దొరికింది. మొదటిసారి "అక్కడింకా ఉందయ్యా" అని ఆమె అన్నప్పుడు ఆయన కసిరాడు. రెండోసారి మాట్లాడలేదు. మూడోసారి "ఎక్కడ?" అన్నాడు.

అప్పట్నుంచి ఆమె తుడుస్తున్నట్టే ఉంటుంది. గుడ్డ భుజం మీద ఎటూ ఉండేదే. ఎవరికీ అనుమానం రాలేదు.

*

వడగళ్ళ వాన తర్వాత నాలుగోవారంలో ఇరవై రెండు కొత్త కార్లు ఒకేసారి వచ్చాయి. బురద, ఆకులు, పగిలిన అద్దాల ముక్కలు. షెడ్డు ఓనరు విడిభాగాల కొట్టుతో మొదలై, చేతికి మసి అంటకుండా పైకొచ్చిన మనిషి. ఎవర్నీ కసరడు. అందర్నీ అమ్మా, నాయనా అనే పిలుస్తాడు.

"అమ్మా, నువ్వు బయటికి రా. ముందివన్నీ కడగాలి. కడిగితే గాని సొట్టలెన్నో లెక్క తేలదు."

"లోపల తుడుపుంది కదండీ."

"లోపల తుడుపు ఎవడైనా చేస్తాడు."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కారు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాడు.

ఐదురోజులు ఆమె బయట నీళ్ళలో ఉంది. ఐదురోజులూ ఆయన లోపల ఒక్కడే చేశాడు. అన్నం తినేటప్పుడు ఆమె అడిగేది, "ఎట్లా ఉంది?" "అవుతోంది," అనేవాడు.

ఆరోరోజు ఒక నల్లకారు తిరిగొచ్చింది. బడి పెద్ద టీచరమ్మది. ఆవిడ గొంతు పెంచలేదు. పిల్లల పరీక్ష కాగితం చూపించినట్టు బానెట్టు చూపించింది.

"నేనిచ్చినప్పుడు గుంటలున్నాయి. మీరిచ్చినప్పుడు గుట్టలున్నాయి. దేనికి డబ్బు కట్టించుకున్నారు?"

ఎండ ఏటవాలుగా పడుతోంది. బానెట్టు మీద మొటిమలు అందరికీ కనిపించాయి. పనివాళ్ళు నలుగురూ, పెయింటరూ చుట్టూ చేరారు.

"అద్దం చేసిందేనా ఇది?" అన్నాడు ఓనరు. "నాయనా, ఒకసారి చెయ్యి పెట్టి ఎన్నున్నాయో చెప్పు. అమ్మగారి ముందే సరిచేసిద్దాం."

ఆయన బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. అటూ ఇటూ తిప్పాడు. కంటికి కనబడుతున్న నాలుగింటినీ చూపించాడు. తర్వాత చెయ్యి అక్కడే ఉండిపోయింది. అందరూ చూస్తున్నారు. చెయ్యి తియ్యడానికి కూడా ఆయనకు తోచినట్టు లేదు.

ఆమె బయటినుంచి వచ్చింది. తడిచేతులు చీరకు తుడుచుకుని, ఆయన చేతిని పక్కకు జరిపి, గుడ్డ పరిచి బానెట్టంతా ఒకసారి నిమిరింది. మైనపు పెన్సిలుతో ఏడు సున్నాలు చుట్టింది. ఎనిమిదోది చుట్టబోయి ఆగి, మళ్ళీ నిమిరి, "ఇది కంపెనీ నుంచే ఉంది," అంది.

టీచరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఈవిడ చేస్తే చెయ్యండి. సాయంత్రం వస్తాను," అని వెళ్ళింది.

పెయింటరు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అడిగాడు ఓనరు.

"రెండేళ్ళండి," అందామె.

"మరి చెప్పొద్దూ? మనం మనం ఒకటి కదా." ఓనరుకు నిజంగానే కష్టం కలిగినట్టుంది. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. అయిందేదో మంచికే. రేపట్నుంచి నీళ్ళ పని పొద్దున్నే కానిచ్చుకో. తర్వాత లోపలే ఉండు. నలుగురు చేసిన బళ్ళూ నీ చెయ్యి పడ్డాకే గేటు దాటాలి. నీకూ నీడపట్టునుంటుంది."

"మరి అక్కకి కూలెంతండీ?" అన్నాడు పెయింటరు.

"కూలేంట్రా మధ్యలో? తుడవడం ఎప్పుడూ చేసేదేగా. గుడ్డ అదే, చెయ్యి అదే." ఓనరు అద్దం వైపు తిరిగాడు. "నీకు మాత్రం ఇకనుంచి ఆరొందలు నాయనా. ఏమనుకోకు. సగం చేతికి సగమే ఇవ్వాలి. నేను ఎక్కువే ఇస్తున్నా. ఎటు తిరిగీ పోయేది ఒకే ఇంటికి."

"సరేనండి," అన్నాడాయన.

*

వాళ్ళింట్లో రెండు గదులు. ముందు గదిలో అత్తగారు మంచం మీద కూచుని, కొట్టువాడిచ్చిన కవర్లు మడుస్తూ ఉంటుంది. వందకు పన్నెండు రూపాయలు. ఆ సాయంత్రం కోడలు మూడు ముక్కల్లో సంగతి చెప్పింది. ముసలావిడ మడత ఆపలేదు.

"నలుగురిలో వాడి చెయ్యి తీసి పక్కన పెట్టావా?"

"పెట్టాను."

"పెట్టకుండా ఉండాల్సింది." ఇంకో కవరు మడిచింది. "మీ మామకి చూపు పోయినాక ఏడేళ్ళు బట్టలు నేను కత్తిరించా. కొలత ఆయన పెట్టేవాడు, టేపు పట్టుకుని. ఎంతుందో నేను గుసగుసగా చెప్పేదాన్ని. ఊళ్ళో ఒక్కళ్ళకి తెలీదు. మంచి దర్జీ పోయాడని అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చా."

"మీరు మానేశారా తర్వాత?"

"ఎవరిస్తారు నాకు బట్టలు? దర్జీ పోయాడుగా."

ఆవిడ గొంతులో ఏమీ లేదు. నిన్న ఎండ ఎక్కువగా ఉందన్నట్టే చెప్పింది. కోడలు చేతిలో గ్లాసుతోనే వెళ్ళి పొయ్యి వెలిగించింది.

అన్నాల దగ్గర లెక్క వేసుకున్నారు. ఇద్దరికీ కలిపి ఇదివరకు పన్నెండొందల యాభై. ఇప్పుడు తొమ్మిదొందల యాభై. అద్దె మారదు, డాక్టరు రాసిన మాత్రలు మారవు. ఆయన ముద్ద కలుపుతూ అన్నం చల్లారిందో లేదో చూడమని ఆమెను అడిగాడు. ఆమె వేలు పెట్టి చూసి, చల్లారిందంది. ఇద్దరికీ అలవాటైన పనే.

"బళ్ళు పాసయ్యే కార్డు మీద ఒక గడి ఉంటుంది కదా, తనిఖీ చేసినవారు అని," అందామె. "దాన్లో ఎవరి పేరు రాస్తారు?"

"ఓనరు నన్ను పెట్టమన్నాడు సంతకం. నీళ్ళు పోసే మనిషి సంతకం చూస్తే బీమావాళ్ళు నవ్వుతారంట."

"నేను చూసినదానికా?"

"నాదుంటే ఏంటి, నీదుంటే ఏంటి?" అన్నాడాయన. కోపంగా కాదు. నిజంగానే ఆయనకు తేడా తెలియలేదు.

*

పదకొండు రోజుల్లో ఆమె ముప్ఫై ఒక్క కార్ల మీద చెయ్యి వేసింది. పొద్దున ఐదింటికే వచ్చి కడుగుడు ముగించేది. ఎనిమిదింటి నుంచి లోపల. మొదట్లో ఆ ముగ్గురు పనివాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. ఆడమనిషి తప్పులు పట్టడమేంటని ఒకడు కడ్డీ నేలకేసి కొట్టాడు. నాలుగోరోజుకు వాళ్ళే "అక్కా, ఒకసారి ఇటు చూసి పో," అని పిలవసాగారు. తిరిగొచ్చే కార్లు తగ్గాయి. కార్డులన్నిటి మీదా అద్దం సంతకం ఉంది, వంకరటింకరగా. పెన్ను పట్టు చిక్కక ఆయన దాన్ని పిడికిట్లో పట్టుకుని పెట్టేవాడు.

పన్నెండోరోజు ఒక వెండిరంగు కారు దగ్గర ఆమె, "కుడి తలుపు మీద ఇంకా రెండున్నాయండి, అరగంట పడుతుంది," అంది.

ఓనరు గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికిస్తానని మాటిచ్చానమ్మా. తలుపు మీద ఎవరు చూస్తారు? పోనీ."

కారు పోయింది. రెండురోజుల్లో తిరిగొచ్చింది. కుడి తలుపు. మళ్ళీ చేసినందుకు, ఒకరోజు కారు లేకుండా తిరిగిన ఆసామికి నష్టపరిహారం ఇచ్చినందుకు, మొత్తం పద్దెనిమిదొందలు. వారం చివర అది అద్దం కూలీలోంచి తీశారు.

ఆమె ఓనరు గదికి వెళ్ళింది. అంతకుముందు ఆ గదిలోకి తుడవడానికే వెళ్ళేది. ఆ వేళ ఏం పట్టుకోకుండా వెళ్ళి నిలబడింది.

"ఆ బండికి రెండున్నాయని నేను చెప్పానండి."

"చెప్పావు," అన్నాడు ఓనరు. "కాదన్నానా?"

"మరి ఆయనకెందుకు పడింది?"

"నువ్వు చెప్పావని ఎక్కడ రాసుందమ్మా?" ఆయన కార్డు తీసి చూపించాడు. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడు. ఇక్కడ అంతా బాగుందని మీ ఆయన సంతకముంది. రేపు బీమావాళ్ళు నన్నడిగితే నేనిదే చూపించాలి. నోటిమాటకి విలువెక్కడిది?"

ఆమె కార్డు వైపు చూసింది. ఆ వంకర అక్షరాలు చూసింది. కోపం వస్తుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. రాలేదు. అది లోపల ఎక్కడో సూదితో పొడిచినా తెలియని చోటుకు చేరినట్టుంది. "సరేనండి," అని బయటికొచ్చి, అక్కడున్న కారును తుడిచింది.

*

శనివారం బీమా కంపెనీ అధికారి వచ్చాడు. తొమ్మిది కార్లు ఒకేసారి చూసుకుని, నచ్చితే వాళ్ళ దగ్గరున్న మిగతా వడగళ్ళ కార్లన్నీ ఈ షెడ్డుకే ఇస్తారట. ఓనరు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పనివాళ్ళకు టీ తెప్పించాడు. తొమ్మిది కార్లూ వరసగా నిలబెట్టారు. ముందున్నది ముదురు నీలం. ఆ రంగు మీద గోరంత తప్పు కూడా దాగదు.

"పద్ధతి చూపిస్తా రండి," అన్నాడు ఓనరు అధికారితో. "మా దగ్గర చేతి తనిఖీ. మిషన్ల కంటే నయం. ఏ బండీ ఊరికే వదలం. కానివ్వమ్మా."

ఆమె నీలంకారు పక్కనే నిలబడి ఉంది. చేతులు రెండూ పైటకొంగు కింద ఉన్నాయి.

"కానివ్వమ్మా. అయ్యగారు చూస్తున్నారు."

"పెట్టనండి," అందామె.

ఓనరుకు సరిగా వినబడలేదేమో, ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. "ఏంటి?"

"చెయ్యి పెట్టనండి. నేను నీళ్ళు పోసే మనిషిని. బళ్ళు కడిగేశాను. నా పనైంది."

"ఇప్పుడేంటమ్మా ఇది? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. చెయ్యి పెట్టినవాళ్ళ పేరు కార్డు మీద పెట్టండి. పెట్టినవాళ్ళ కూలి పెట్టండి. అప్పుడు చూస్తాను. బాగుంటే బాగుందంటాను. లేకపోతే లేదంటాను. అది రాసుండాలి."

గొంతులో ఎత్తుపల్లాలు లేవు. పొద్దున నీళ్ళు రాలేదని చెప్పే గొంతే. పెయింటరు టీ గ్లాసు నోటిదాకా తెచ్చి అక్కడే ఆపాడు.

ఓనరు నవ్వడానికి ప్రయత్నించాడు. "సంతకం వచ్చా అసలు నీకు?"

"వచ్చండి."

"ఇంటికెళ్ళి మాట్లాడుకోండి మీ మొగుడూ పెళ్ళాలు." ఆయన అద్దం వైపు తిరిగాడు. గొంతు కాస్త తగ్గించాడు. "నాయనా, నువ్వు సంతకం పెట్టు. ఆవిడ చూసినట్టే. పొద్దున్న తుడిచిందిగా. తొమ్మిది కార్డులూ పెట్టెయ్."

కార్డుల కట్ట, పెన్ను అద్దం చేతికొచ్చాయి. ఆయన కట్టను కారు డిక్కీ మీద పెట్టి, పెన్నును పిడికిట్లోకి తీసుకున్నాడు. భార్య వైపు చూడలేదు. ఆమె కూడా ఆయన వైపు చూడలేదు. పెన్ను మొన గడి దాకా పోయింది. అక్కడ కాసేపు నిలిచింది. తర్వాత పెన్ను నేల మీద పడి, దొర్లి, కారు కిందికి పోయింది. జారిందో, ఆయనే వదిలాడో ఆ వేళ్ళకే తెలియాలి. వాటికి ఏదీ తెలియదు. ఆయన మాత్రం దాన్ని తియ్యడానికి వంగలేదు.

"ఏమైనా ఇబ్బందా?" అన్నాడు అధికారి.

"అబ్బే, ఏం లేదండి. ఒక్క నిమిషం."

మిగతా ముగ్గురు పనివాళ్ళ వైపూ చూశాడు ఓనరు. ఒకడు రాళ్ళు లెక్కపెడుతున్నట్టు నేల చూస్తున్నాడు. ఒకడు, "మాకు పైపైనే తెలుస్తదండి, ఆఖరిది అక్కకే," అన్నాడు. మూడోవాడు అది కూడా అనలేదు.

అధికారి గడియారం చూసుకున్నాడు.

ఓనరు ఉతికిన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నీలంకారు ముందుకు వెళ్ళి, బానెట్టు మీద తన అరచెయ్యి ఆనించాడు. వట్టి చెయ్యి. నెమ్మదిగా, ఆమె చెయ్యగా చూసినట్టే, ముందుకు పోనిచ్చాడు. చెయ్యి చెమటకు అంటుకుని కిర్రుమంది. వెనక్కి పోనిచ్చాడు. మళ్ళీ ముందుకు. అందరూ చూస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకుని ఇంకోసారి నిమిరాడు. ఏమైనా ఉందో, ఏమీ లేదో ఆయన ముఖంలో తెలియలేదు. చెయ్యి మాత్రం ఇంకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.